ఏడేళ్ళ గ్యాస్ నొప్పి

ఆ డాక్టరమ్మ పేరు నేను రాయను. భయపడి కాదు. పేరు రాస్తే దాని పక్కన ఉన్న డిగ్రీలు కూడా రాయాలి. ఆ డిగ్రీలకు అంత గౌరవం ఇవ్వడం నాకిష్టం లేదు.

నేను రాసేది జెరూషా గురించి. పద్మారావు నగర్‌లో మా స్కూల్లో నేను ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను, ఆమె పీటీ టీచర్. నన్ను ఊర్మిళ టీచర్ అంటారు, ఆమెను జెర్రీ మిస్ అంటారు. ఉదయం ఏడున్నరకల్లా మెడలో విజిల్ వేసుకుని గేటు దగ్గర నిలబడేది. మా స్కూలు గ్రౌండు రెండు బస్సులు పెడితే నిండిపోతుంది. ఆ జాగాలోనే ఆడపిల్లలకు త్రోబాల్ నేర్పి జిల్లా పోటీల దాకా తీసుకెళ్ళింది. తాను కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి బాల్ బ్యాడ్మింటన్ ఆడింది. నవ్వితే స్టాఫ్ రూములో నవ్వు పైమెట్ల దాకా వినిపించేది.

వాళ్ళ తాత గుంటూరు జిల్లా నుంచి రైల్వే ఉద్యోగానికి లాలాగూడ వచ్చాడట. ఉద్యోగం తాతతోనే పోయింది కానీ కుటుంబం అక్కడే ఉండిపోయింది. పెళ్ళి కూడా అదే పేటలో, అదే చర్చిలో. భర్త యేసురాజు తార్నాకలో ఒక బైకుల షోరూంలో సర్వీస్ అడ్వైజర్. ఎవరైనా వచ్చి "బండిలో ఏదో టిక్ టిక్ మంటోంది" అంటే చాలు, చీటీ మీద రాసుకుని, తానే ఒక రౌండు నడిపి చూసి, మెకానిక్‌ని పిలిచి విప్పించేవాడు. తన పనిలో చాలా శ్రద్ధ గల మనిషి అని షోరూంలో పేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇంట్లో ఆయన శ్రద్ధ ఎలా ఉండేదో చెబుతాను.

రెండో కాన్పు రెండు వేల పదహారు ఏప్రిల్‌లో అయింది. మొదట కూతురు హదస్సా, తర్వాత కొడుకు. ఇద్దరు చాలనుకున్నారు. మరి ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలి అన్న మాట వచ్చింది.

"నువ్వు చేయించుకుంటే పది నిమిషాల పనంట, మర్నాడు లేచి తిరగొచ్చంట," అంది జెరూషా.

"నాకెందుకు! బలం పోతది. షోరూంలో బండ్లు ఎవరు లేపుతరు?" అన్నాడు యేసురాజు.

ఆయన బండ్లు లేపడు. బండ్లు లేపడానికి అక్కడ మీట నొక్కితే లేచే లిఫ్టు ఉంది. కానీ అత్తగారు రోసమ్మ కొడుకు మాటకు వెంటనే వంత పాడింది. "మగాడికి కత్తెర్లు పెట్టిస్తావటే పిల్లా? మా ఇంటా వంటా లేదు. ఎంత చదువుకుంటే మాత్రం!" అంది. కోడలి కడుపులో ఏ కత్తెర పెట్టినా ఆమెకు అభ్యంతరం లేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆగస్టులో జిల్లా పోటీలున్నాయి, ఆపరేషన్ చేయించుకుంటే గ్రౌండుకు దూరమవుతానని జెరూషా కాపర్‌టీ వేయించుకుంటానంది. బిడ్డకు ఆరు వారాలు నిండగానే, కాన్పయిన నర్సింగ్ హోముకే వెళ్ళింది. వేసేటప్పుడు ఏం జరిగిందో నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ ఒకేలా చెప్పింది. డాక్టరమ్మ ఫోను స్పీకర్ మీద పెట్టి పక్కన ట్రేలో ఉంచింది. కట్టుకుంటున్న కొత్త ఇంటికి గ్రానైటు ఏ రంగుది వేయాలో మేస్త్రీతో మాట్లాడుతోంది. నలుపు వద్దు, మరకలు కనబడతాయి అంటోంది. ఆ మాటల మధ్యలో జెరూషాకు పొత్తికడుపు లోపల సూదితో పొడిచి తిప్పినట్టయి కెవ్వుమంది.

"స్పోర్ట్స్ పర్సన్‌వి కదమ్మా! ఇంత సెన్సిటివ్ అయితే ఎలా?" అంది డాక్టరమ్మ. తర్వాత మేస్త్రీతో, "అయితే గ్రే వేసెయ్," అంది.

ఒక నెల తర్వాత చూపించుకోవడానికి వెళితే, కాపర్‌టీకి ఉండే దారం కనిపించలేదు. ఆ దారం కనబడితేనే అది తన చోట ఉన్నట్టు లెక్క. కనబడకపోతే రెండు మూడు కారణాలుంటాయి. దారం లోపలికి ముడుచుకుని ఉండొచ్చు, కాపర్‌టీ బయటికి పడిపోయి ఉండొచ్చు, లేదా గర్భసంచి గోడ చీల్చుకుని పొట్టలోకి పోయి ఉండొచ్చు. ఏది నిజమో తెలుసుకోవడానికి స్కాన్ ఉంది, ఎక్స్‌రే ఉంది. డాక్టరమ్మకు ఆ రెండూ అక్కర్లేకపోయాయి.

"పడిపోయి ఉంటుంది. బాత్రూంకి వెళ్ళినప్పుడు చూసుకోవాలి కదమ్మా, అన్నీ మేమే చూడాలంటే ఎలా?" అని కసిరి, అదే టేబుల్ మీద అప్పటికప్పుడు ఇంకోటి వేసి పంపించింది.

మొదటిది వేసిన రోజు షురూ అయిన నొప్పి మళ్ళీ తగ్గలేదు. కుడివైపు, కింద. పరిగెత్తితే ఎక్కువయ్యేది. నెలసరి అయిదు రోజులది తొమ్మిది పది రోజులు సాగేది. మూత్రానికి వెళితే మంట. మంట వచ్చిన ప్రతిసారీ డాక్టరమ్మ యాంటీబయాటిక్ రాసేది. తగ్గేది, రెండు నెలలకు మళ్ళీ వచ్చేది. స్కాన్ కూడా ఒకసారి తీశారు. గర్భసంచిలో కాపర్‌టీ చక్కగా కూర్చుని ఉందని రిపోర్టు వచ్చింది. అది రెండోది. మొదటిదాని కోసం ఎవరూ వెతకలేదు, ఎందుకంటే అది పడిపోయిందని ముందే తీర్పు అయిపోయింది.

"అంతా నార్మల్ అమ్మా. స్ట్రెస్ తగ్గించుకో. ఎగరడాలు, దూకడాలు తగ్గించు," అని డాక్టరమ్మ.

"గ్యాస్ అయ్యుంటది. పొద్దున్నే వాము నీళ్ళు తాగు," అని యేసురాజు. బండి సైలెన్సర్‌లో చిన్న శబ్దానికి నట్లు విప్పించే మనిషి, పెళ్ళాం నొప్పి అన్న ప్రతిసారీ వాము డబ్బా వైపు చూపించాడు. ఏడేళ్ళు అదే డబ్బా.

"దేవుడిచ్చిన గర్భంలో రాగి పెట్టించుకుంటే నొప్పి రాక ఏమొస్తుంది? ఉపవాస ప్రార్థనకు రావే," అని రోసమ్మ. రాగి పెట్టించుకోవలసిన అవసరం ఎవరి వల్ల వచ్చిందో ఆమె ప్రార్థనలో ఎన్నడూ రాలేదు.

మా కరస్పాండెంట్ రోనాల్డ్ గారిదీ ఇదే వరస. జెరూషా గ్రౌండులో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాక, ఒకరోజు స్టాఫ్ మీటింగులో అందరి ముందూ, "కుర్చీలో కూర్చునే పీటీ టీచర్‌ని నేనెక్కడా చూడలేదు," అని నవ్వాడు. కొందరు నవ్వారు. ఆ కొందరిలో నేను లేను గానీ, నేనేమీ మాట్లాడలేదు కూడా. నిజం చెప్పాలంటే నేను కూడా ఆమెకు ఐరన్ మాత్రలు వేసుకోమనీ, ఖర్జూరాలు తినమనీ చెప్పి పంపినదాన్నే. ఇతరులను చీదరించుకునేటప్పుడు ఆ సంగతి దాచుకోవడం నాకు చేతకాదు.

రెండు వేల ఇరవై మూడు జులైలో ఒకరోజు స్టాఫ్ రూములో ఆమె లీవ్ లెటర్ రాస్తోంది. తెలుగులో రాస్తే తప్పులుంటాయేమో చూడమని నా ముందు పెట్టింది. నెలరోజుల సెలవు. కారణం: గర్భసంచి తొలగింపు ఆపరేషన్.

"నీకెన్నేళ్ళు జెరూషా?" అన్నాను.

"ముప్పై ఆరు టీచర్."

"ఎవరు తీయించుకోమన్నారు?"

"ఆ మేడమే. బ్లీడింగ్ తగ్గట్లేదు కదా, పిల్లలు పుట్టారు కదా, ఇంక సంచితో పనేంటి అంది. వచ్చే సోమవారం డేట్ ఇచ్చింది. యేసురాజు కూడా, ఒక్కసారే తేలిపోతది కదా అన్నాడు."

లోపలున్న కాపర్‌టీ తీసి, రక్తస్రావం తగ్గుతుందేమో రెండు నెలలు చూద్దామన్న మాట ఎవరి నోటా రాలేదు. దాన్ని తీయడం అయిదు నిమిషాల పని. సంచి తీయడం పెద్ద ఆపరేషన్. డాక్టరమ్మ పెద్ద ఆపరేషన్నే ఎంచుకుంది. ఎందుకో నేను రాయక్కర్లేదు.

నేను వైద్యం చదువుకోలేదు. కానీ కమలాబాయి గారిని ఎరుగుదును. ఆమె మనవరాలు మా స్కూల్లో ఆరో తరగతి. పెద్దావిడకు డెబ్భై దాటాయి. ముప్పై అయిదేళ్ళు సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేసి రిటైరైంది. రోజూ సాయంత్రం మనవరాలి కోసం గేటు దగ్గరికి వచ్చి, రోడ్డు మీద బండ్లు నడిపేవాళ్ళందరినీ తిడుతూ నిలబడేది. ఆ సాయంత్రం జెరూషాను ఆమె దగ్గరికి లాక్కెళ్ళాను.

వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి అంతా అడిగింది.

"లోపట కాపర్‌టీ ఉన్నదా?"

"ఉందమ్మా."

"మరి గది తీసి సూసిన్రా?"

"లేదు."

"ఎన్నడు ఏసిన్రు?"

"బాబు పుట్టిన ఏడే. మొదట ఒకటి వేశారు, అది పడిపోతే నెలకి ఇంకోటి వేశారు."

కమలాబాయి కళ్ళజోడు సవరించుకుంది. "ఆగాగు. మొదటిది పడిపోయిందా? పడంగ నువ్వు సూసినవా?"

"లేదమ్మా."

"నీ మొగడు సూసిండా?"

"లేదు."

"గా డాక్టర్ సూసిందా?"

"లేదు. దారం కనబడలేదు కాబట్టి పడిపోయి ఉంటుందంది."

"ఎవ్వలు సూడకుంటనే పడిపోయిందా? గదేమన్న ఆవిరా, కనబడకుంట పోనీకి?" అని కమలాబాయి గొంతు పెంచింది. గేటు దగ్గరి వాచ్‌మన్ ఇటు తిరిగి చూశాడు. "దారం కనబడకుంటే ఫస్టు స్కాన్ తియ్యాలె. సంచిల లేదంటే పొట్ట ఎక్స్‌రే తియ్యాలె. మాకు ట్రైనింగ్‌ల షురూలనే చెప్పిన్రు. నేను పదో తరగతి మీద నర్సింగ్ చేసినదాన్ని, నాకు తెల్సు. ఆమెకు తెల్వదా? తెల్సు. జెర తక్లీఫ్ తీస్కోబుద్ది కాలె, గంతే. నువ్వు సోమవారం ఆపరేషన్‌కు పోతివా, నేనే వచ్చి ఆడ కూసుంట. ముందుగాల ఎక్స్‌రే తీపిచ్చుకో."

మర్నాడు రెండో శనివారం, స్కూలు లేదు. చిలకలగూడలో ఒక చిన్న ఎక్స్‌రే సెంటరుకు నేనూ జెరూషా ఆటోలో వెళ్ళాం. పొట్ట మొత్తం పడేలా ఒకటి తీశారు. పావుగంటకు టెక్నీషియన్, నా వయసు ఆవిడే, ఫిల్ము పట్టుకుని బయటికి వచ్చి, "మేడమ్, మీకు రెండు కాపర్‌టీలు వేశారా?" అని అడిగింది.

ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూపించింది. మధ్యలో ఒకటి, తెల్లగా, నిటారుగా, ఇంగ్లీషు టీ అక్షరంలాగే ఉంది. కుడివైపు, ఇంకా కిందికి, మరొకటి పక్కకు ఒరిగిపోయి పడుకుని ఉంది. ఇంత కొట్టొచ్చినట్టు కనబడుతుందని నేను అనుకోలేదు. దాన్ని చూడడానికి చదువే అక్కర్లేదు. ఒకటో తరగతి పిల్లకు చూపించి ఎన్నున్నాయంటే రెండు అంటుంది.

జెరూషా ఏడవలేదు. ఫిల్ము మీద వేలు పెట్టి మొదటిదాన్నీ, రెండోదాన్నీ తాకింది. "నేను కల్పించుకుంటున్నానని నాకే అనుమానం వచ్చింది టీచర్," అంది మెల్లగా. తర్వాత టెక్నీషియన్‌తో, "ఇంకో కాపీ ఇవ్వండి," అంది.

ఇంటికి వెళ్ళి ఫిల్ము యేసురాజు చేతికిచ్చింది. ఆయన ట్యూబులైటుకు ఎత్తి పెట్టి, తిరగేసి, మళ్ళీ తిరగేసి చాలాసేపు చూశాడట.

"అంటే... గ్యాస్ కాదా?" అన్నాడట చివరికి.

ఏడేళ్ళ తర్వాత ఆ మనిషికి తోచిన మొదటి మాట అది. రోసమ్మ మాత్రం చేతులు పైకెత్తి, "చూశావా, దేవుడు బయటపెట్టాడు!" అంది.

"దేవుడు కాదత్తయ్యా, కమలాబాయమ్మ," అంది జెరూషా.

సోమవారం నర్సింగ్ హోముకు వెళ్ళాం. సంచి తీయించుకోవడానికి కాదు. నేను తోడు వెళ్ళాను. డాక్టరమ్మ ఫిల్ము చూసింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఒక్క క్షణం రంగు మారింది. అంతే, మళ్ళీ సర్దుకుంది.

"ఈ రెండోది ఎక్కడ వేయించుకున్నావమ్మా?" అంది.

జెరూషాకు మొదట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇంకెక్కడో ఎవరి దగ్గరో చాటుగా వేయించుకుని వచ్చి తన మీద పెడుతున్నావా అని అడుగుతోంది.

జెరూషా చేతిసంచిలోంచి రెండు కార్డులు తీసి టేబుల్ మీద పెట్టింది. ఒకటి జూన్‌ది, ఒకటి జులైది. రెండింటి మీదా ఈ నర్సింగ్ హోము ముద్రే, ఈమె సంతకమే. తన బిడ్డల టీకా కార్డులతో పాటు వాటినీ ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది.

"రెండూ మీరే వేశారు మేడమ్. మొదటిది మీ ఇంటి గ్రానైటు రంగు మాట్లాడుకుంటూ వేశారు."

డాక్టరమ్మ ఆ మాట వినబడనట్టే కార్డులు తిప్పి చూసింది. "అప్పుడు థ్రెడ్ కనిపించలేదు. మామూలుగా ఎక్స్‌పెల్ అవుతాయమ్మా. ఇలాంటివి చాలా రేర్. ఎవరికైనా జరుగుతాయి. సరే, వర్రీ అవ్వకు. లాప్రోస్కోపీలో నేనే తీసేస్తాను, నీకు ఛార్జ్ చేయను. సంచి కూడా ఎలాగూ ప్లాన్ చేశాం కాబట్టి ఒకేసారి..."

"మీరింక నన్ను ముట్టుకోవద్దు," అని జెరూషా కార్డులు తీసుకుంది.

"ఏమ్మా, ఇన్నేళ్ళు ట్రీట్‌మెంట్ ఇచ్చాను, ఇదా మర్యాద?"

జెరూషా తలుపు తీసుకుని నడిచింది. బయటికి వచ్చాక వెయిటింగ్ హాల్లో ఒళ్ళో పసిబిడ్డతో కూర్చున్న ఒకమ్మాయి దగ్గర ఆగి, "నువ్వు కాపర్‌టీ కోసం వచ్చావా?" అని అడిగింది. ఆ అమ్మాయి సిగ్గుపడి తలూపింది. "వేయించుకో, మంచిదే. కానీ ఎప్పుడైనా దారం కనబడలేదంటే, స్కాన్లో లేదంటే, ఎక్స్‌రే తీసేదాకా బల్ల దిగకు," అని గట్టిగా, హాలంతా వినబడేలా చెప్పింది. రిసెప్షన్‌లో ఉన్న మనిషి లేచి నిలబడింది. మేం దిగి వచ్చేశాం.

పెద్దాసుపత్రిలో సర్జన్ జోగారావు గారు ఫిల్ము చూసి అడిగిన మొదటి ప్రశ్న, "వేసినప్పుడు గట్టిగా నొప్పి వచ్చిందా?" అని. ఏడేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆయన. "అప్పుడే గోడ దాటి ఉంటుందమ్మా. కాన్పయిన కొత్తలో, పాలిచ్చే తల్లికి గర్భసంచి గోడ మెత్తగా ఉంటుంది. జాగ్రత్తగా వేయాలి. ఇలా జరగడం తక్కువే. తక్కువంటే లేదని కాదు కదా," అన్నాడు.

ఆయన చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ ఆపరేషన్ చేశాడు. గంటలో అయిపోతుందనుకున్నది మూడు గంటలు పట్టింది. ఆ కాపర్‌టీ చెయ్యి ఒకటి మూత్రాశయం గోడలోకి దిగబడి ఉంది, చుట్టూ కొవ్వు పొర అతుక్కుపోయింది. అదీ మూత్రంలో మంటకు కారణం. యాంటీబయాటిక్స్‌తో ఎన్నిసార్లు అణచినా మళ్ళీ ఎందుకు వచ్చేదో తేలింది. దాన్ని విడదీసి, మూత్రాశయానికి కుట్లు వేశారు. గర్భసంచిలో ఉన్న రెండోదాన్ని కూడా అప్పుడే కింది నుంచి తీసేశారు. సంచి ఎక్కడిదక్కడే ఉంది. రెండు నెలలు తిరిగేసరికి నెలసరి మళ్ళీ అయిదు రోజులకు వచ్చింది.

పది రోజులు మూత్రం గొట్టంతో ఇంట్లో పడుకుంది. గొట్టం చివరి ప్లాస్టిక్ సంచీ నిండితే పారబోసే పని యేసురాజుది. మొదటిరోజు ముక్కుకు కర్చీఫు కట్టుకుని వచ్చాడట. జెరూషా ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయిందట. రెండోరోజు కర్చీఫు లేకుండా వచ్చాడు. అది ఆయన చేసిన త్యాగం.

గొట్టం తీసిన రోజు ఆమె ఆయనతో చెప్పింది. "నా ఒంట్లోకి ఇంకేదీ రాదు. మాత్ర రాదు, రాగి రాదు, కత్తి రాదు. ఇంక నీ ఇష్టం."

నెల రోజులు ఆలోచించి ఆ ఆపరేషన్‌కు తానే వెళ్ళాడు. వెళ్ళక తప్పలేదు. పది నిమిషాల్లో అయిపోయింది, మూడో రోజు షోరూంకి వెళ్ళాడు. అక్కడ మాత్రం హెర్నియా ఆపరేషన్ అని చెప్పాడు. రోసమ్మ కొడుక్కి వారం రోజులు మటన్ సూపు కాచి పోసింది. కోడలికి మూత్రాశయం కుట్లు పడ్డప్పుడు కాచింది పప్పుచారు. ఈ సంగతి చెప్పేటప్పుడు జెరూషా నవ్వింది, ఆ పైమెట్ల దాకా వినిపించే నవ్వే. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇదంతా విని కాపర్‌టీ అంటేనే హడలిపోయేవాళ్ళు ఉంటారు. నేను పదేళ్ళు వాడాను. ఏమీ కాలేదు. నా చెల్లెలు వాడింది, నాకు తెలిసిన డజను మంది వాడారు. మొదట్లో కొన్ని నెలలు రక్తం కాస్త ఎక్కువ పోతుంది, కడుపులో నొప్పి ఉంటుంది, చాలామందికి అదే సర్దుకుంటుంది. ఆ వస్తువు మీద నాకు కోపం లేదు. అది ఎక్కడ ఉందో చూడడానికి బద్ధకించిన మనిషి మీద నాకు అసహ్యం. ఆ బద్ధకానికి నార్మల్ అని పేరు పెట్టి, పైగా బాధపడేదాన్నే కసిరిన నోటి మీద అసహ్యం.

డాక్టరమ్మ మీద వైద్యుల మండలికి ఫిర్యాదు రాశాం. తెలుగులో నేను రాశాను, ఇంగ్లీషులోకి మా సైన్స్ సారు మార్చాడు. డాక్టరమ్మ వకీలు చేత తొమ్మిది పేజీల జవాబు పంపింది. తొమ్మిది పేజీల్లో ఎక్స్‌రే అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నేను రెండుసార్లు చదివి చూశాను. ఆ వ్యవహారం ఇంకా నడుస్తోంది, ఎప్పుడు తేలుతుందో తెలియదు.

జెరూషా కుర్చీ గ్రౌండులోంచి స్టాఫ్ రూముకు వెళ్ళిపోయింది. మొదట నడిచింది, తర్వాత మెల్లగా పరిగెత్తింది. ఆర్నెల్లకు పిల్లలతో పాటు త్రోబాల్ కోర్టులో దిగింది.

ఈ ఏడాది జనవరిలో మా స్పోర్ట్స్ డే లాలాగూడలో రైల్వే గ్రౌండు అడిగి తీసుకుని జరిపారు. రెండు రోజుల ముందు ఆహ్వాన పత్రిక నా చేతికి వచ్చింది. ముఖ్య అతిథిగా ఆ డాక్టరమ్మ పేరు ఉంది. నేను నేరుగా రోనాల్డ్ గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, ఈవిడ ఎవరో మీకు తెలుసు కదా."

"తెలుసు టీచర్. పాత సంగతులు మనకెందుకు? పిల్లలందరికీ ట్రాక్ సూట్లు ఇస్తున్నారు. మంచి మనసు," అన్నాడు.

ఆ మంచి మనసు ఉదయం పది గంటలకు తెల్ల కారులో దిగింది. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. మైకు పట్టుకుని ఆడపిల్లల ఆరోగ్యం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది. శరీరం చెప్పే మాట వినాలి, చిన్న నొప్పినైనా అశ్రద్ధ చేయకూడదు అంది. పిల్లలు ఎండలో నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత అతిథి ఆటగాళ్ళను పరిచయం చేసుకోవాలి. వరసలో నిలబడ్డ పిల్లల పక్కన జెరూషా ఉంది, నీలం ట్రాక్ సూటులో, మెడలో విజిల్‌తో. డాక్టరమ్మ ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ వచ్చి ఆమె ముందు ఆగింది. కళ్ళద్దాలు తీసింది. నవ్వింది.

"మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది."

రెండు కాన్పులు చేసిన డాక్టరు. ఏడేళ్ళు మందులు రాసిన డాక్టరు. తొమ్మిది పేజీల జవాబు ఇచ్చిన డాక్టరు. ఆ జవాబు ఎవరి గురించి ఇచ్చిందో ఆ మనిషి మొహం కూడా గుర్తులేదు.

జెరూషా చెయ్యి చాపలేదు. "చూశారు మేడమ్. లోపల కూడా చూశారు. సరిగా చూడలేదు," అంది.

గొంతు పెంచలేదు. వరసలో ఉన్న పిల్లలకు వినబడింది, రోనాల్డ్ గారికి వినబడింది. డాక్టరమ్మ మొహం మీద ఆ నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఎలా తీసేయాలో తెలియనట్టు. ఈసారి గుర్తుపట్టింది. నేను అంత దూరం నుంచే చూశాను.

జెరూషా అప్పటికే వెనక్కి తిరిగి ట్రాక్ వైపు వెళ్ళిపోయింది. "రిలే పిల్లలు ఎవరి లేనులోకి వాళ్ళు రండి, ఎండెక్కుతోంది!" అని కేకేసింది.

అర్జెంటు కేసు వచ్చిందని డాక్టరమ్మ బహుమతుల దాకా ఉండలేదు. రోనాల్డ్ గారు కారు దాకా పరిగెత్తుకెళ్ళి సాగనంపి వచ్చి, జెరూషా వైపు చూడకుండా మెడల్స్ పళ్ళెం తానే తీసుకున్నారు. ఆ చిరాకులో రిలేలో మూడోది వచ్చిన జట్టుకు బంగారు రంగు మెడల్స్ వేసేశారు. పిల్లలు గొడవ మొదలుపెట్టారు. జెరూషా స్టేజీ ఎక్కి, నలుగురి మెడల్లోంచీ వాటిని తీసి, గెలిచిన పిల్లల పేర్లు పిలిచి వాళ్ళకు వేసింది.